ఫెలీసా తప్పిపోయిన వీధి

మార్చి మొదటి వారంలో ఒక మంగళవారం పొద్దున, హాకా ఊరి కేథడ్రల్ దక్షిణపు అరుగు మీద నిలబడి ఇరవైమంది ముసలివాళ్ళకి గోడ చూపిస్తున్న ఫెలీసా ఊబియేతో అనే గైడు నాలుక మీదనుంచి ఒక మాట జారిపోయింది.

పెద్ద మాటేం కాదు. చదరంగం. కిటికీ కమాను చుట్టూ ఒకటి విడిచి ఒకటి ఉబ్బెత్తుగా చెక్కిన రాతి గళ్ళని గొడుగు కొనతో చూపించి, "అచ్చం చదరంగపు బల్లలా లేదూ?" అని ఆమె ఇరవై ఏడేళ్ళుగా అడుగుతోంది. అడిగాక ఒక్క క్షణం ఆగి, ఈ గళ్ళు మా ఊళ్ళోనే పుట్టాయి, ఇక్కణ్ణుంచే యాత్రికుల వెంట బయల్దేరి దేశమంతా తిరిగాయి అంటుంది. ఆ రోజు కూడా గొడుగు ఎత్తింది. "అచ్చం..." అంది. అక్కడ ఆగిపోయింది.

ఆ మాట ఉండాల్సిన చోట ఏమీ లేదు. మెట్టు ఉందనుకుని చీకట్లో కాలు వేస్తే గాల్లో పడ్డట్టయింది. రాజు, మంత్రి, గుర్రం అన్నీ కళ్ళ ముందు కదులుతున్నాయి, పేరొక్కటే లేదు. ముసలివాళ్ళు మెడలు ఎత్తి ఎదురుచూస్తున్నారు. చివరికి వాళ్ళలో ఒకాయన, చదరంగపు బల్లలా ఉందండీ అన్నాడు. ఆయన చేత చెప్పించడానికే ఆగినట్టు ఫెలీసా నవ్వి, శభాష్ అని గొడుగు కిందకి దించింది. ఒరోయెల్ కొండ మీది మంచు గాలి నేరుగా మొహానికి కొడుతోంది. అయినా ఆమె వీపు మీద చెమట కారింది.

ఎవరికైనా ఒక మాట మరుపు రావడం వింత కాదు. అరవై మూడేళ్ళ మనిషికి అసలే కాదు. కానీ ఫెలీసాకి ఆ మరుపు కొత్తది కాదు. దాని మొహం ఆమె ఇదివరకే చూసింది.

ఫెలీసా తల్లి గ్రెగోరియా కుట్టుపని చేసేది. పాదిరీలకి నల్ల అంగీలు, పెళ్ళికూతుళ్ళకి ముసుగులు కుట్టేది. ఆమెకి మొదట పోయిన మాట సూది. "అది ఇటివ్వవే, ఆ గుచ్చుకునేది" అంది ఒకరోజు. తల్లీకూతుళ్ళిద్దరూ నవ్వుకున్నారు. ఆ తర్వాత నవ్వుకోలేదు. తొమ్మిదేళ్ళు పట్టింది గ్రెగోరియా పూర్తిగా వెళ్ళిపోవడానికి. ఒక నవంబరు పొద్దున్న కోట కందకం అంచున లోపలి లంగాతో, వట్టి కాళ్ళతో నిలబడి ఉంటే సైనికులు దుప్పటి కప్పి తీసుకొచ్చారు. చివరి ఏడాది ఫెలీసా మొహంలోకి చూసి చాలా మర్యాదగా, మీరెవరి అమ్మాయండీ అని అడిగేది. ఆ తొమ్మిదేళ్ళూ ఫెలీసా పొద్దున్న ఊరు చూపించి, మధ్యాహ్నం తల్లికి చెంచాతో సూపు పట్టి, మళ్ళీ సాయంత్రం ఊరు చూపించింది. పెళ్ళాడతానన్న సైన్యం కొండదళంలో సార్జెంటు ఒకాయన రెండేళ్ళు ఎదురుచూసి బదిలీ మీద వెళ్ళిపోయాడు. దానికి ఆమె ఏడవలేదు. ఏడుపొచ్చేది వేరేదానికి. డాక్టరు ఆ జబ్బు పేరు నోటితో అన్న రోజునుంచి ఊళ్ళో వాళ్ళంతా తల్లి ముందే తల్లి గురించి మాట్లాడటం మొదలుపెట్టారు, గదిలో బీరువా ఉన్నట్టు. "తింటోందా? పడుకుంటోందా?" అని కూతుర్ని అడిగేవారు. గ్రెగోరియా పక్కనే కూచుని వింటుండేది.

అందుకని ఆ మంగళవారం ఇంటికెళ్ళగానే ఫెలీసా మొదట చేసిన పని తలుపు గడియ పెట్టుకోవడం. రెండో పని, కుర్చీలో కూచుని తనకి తెలిసిన పేర్లన్నీ బయటికి చదవడం. వీధుల పేర్లు, పాత గురువుల పేర్లు, మిఠాయి కొట్లో గాజు పెట్టెలో వరసగా ఉండే తీపి రొట్టెల పేర్లు. గైడు కాకముందు ఆమె ఆ కొట్లోనే పనిచేసేది. దారి అడిగిన ప్రతి యాత్రికుడి వెంటా ఏప్రన్‌తోనే బయటికొచ్చి కోటదాకా నడిచి చూపించి వచ్చేదని విసిగిపోయి, అదే పని చేసుకోరాదూ అని యజమానురాలే పంపించేసింది. ఆ పేర్లన్నీ వచ్చాయి. ఒక్కటి కూడా తప్పలేదు. అమ్మయ్య అనుకుని లేచింది. తెల్లారి లేచేసరికి తల దిమ్ముగా నొప్పి. నిద్ర పట్టకపోతే తల నొవ్వదా మరి, అనుకుంది.

ఆ వారంలోనే ఇంకో రెండు మాటలు పోయాయి. ఒకటి చేతి తొడుగు, రెండోది తేనె. అవి తిరిగొచ్చాయి కానీ వచ్చేలోపు ఆమె వంటింట్లో నిలబడి పళ్ళు కొరుక్కుంది. ఒక చిన్న పుస్తకం కొని, పొద్దున్న చెప్పాల్సినవన్నీ రాసుకుని, ఆ కాగితం చేతి తొడుగులో దాచుకోవడం మొదలుపెట్టింది. రాత కూడా బాగాలేదు. అక్షరాలు కిందకి వాలిపోతున్నాయి. కలం బాగాలేదనుకుంది.

కేథడ్రల్ తాళాలన్నీ సతూర్నీనో చేతిలో ఉంటాయి. నలభై ఏళ్ళుగా అక్కడ సేవకుడు, ఫెలీసాతో కలిసి చదువుకున్నవాడు. ఇద్దరూ కలుసుకుంటే ఒకరినొకరు ఎత్తిపొడవకుండా విడిపోవడం ఎవరూ చూడలేదు. ఒక పొద్దున్న మ్యూజియం తలుపు తియ్యమని అతనిచ్చిన తాళంచెవుల గుత్తి ఫెలీసా చేతిలోంచి రాళ్ళ మీద పడింది. వంగి తీసింది, మళ్ళీ పడింది.

"పొద్దున్నే పట్టించావా ఏంటి?" అన్నాడు సతూర్నీనో. "నన్ను పిలవకుండా తాగితే పాపం తగులుద్ది."

"నీలాగా దేవుడి ద్రాక్షసారా మీద చెయ్యేసే అలవాటు లేదు నాకు."

అతను నవ్వాడు. తాళంచెవులు తనే తీసిచ్చాడు. ఆమె తడబడుతూ తలుపు దగ్గరికి నడుస్తుంటే వెనకనుంచి చూస్తూ నిలబడ్డాడు. నవ్వు ఆగిపోయింది.

ఆ తర్వాత కోట. అయిదు మూలల ఆ కోట చుట్టూ నీళ్ళు లేని కందకంలో జింకలు మేస్తుంటాయి. యాత్రికులకి రాతి గోడలకన్నా అవే ముద్దు. మార్చి మూడో వారంలో ఒక బృందాన్ని వంతెన మీద నిలబెట్టి, కిందకి చూడండి, మా గొర్రెలు ఎంత ధైర్యంగా ఉన్నాయో, మనుషులంటే లెక్కే లేదు అంది ఫెలీసా. అందరూ పగలబడి నవ్వారు. గైడమ్మ భలే చమత్కారి అనుకున్నారు. వాళ్ళెందుకు నవ్వుతున్నారో ఆమెకి తెలియలేదు. తనూ నవ్వింది. ఒక ఆడపిల్ల తల్లితో, గొర్రెలంటోందమ్మా, అవి జింకలు కదా అన్నప్పుడు తెలిసింది. వంతెన కమ్మీని గట్టిగా పట్టుకుంది. ఇదే కందకం అంచున తల్లి నిలబడింది.

డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చు. ఆరోగ్య కేంద్రం ఇంటికి పదినిమిషాల నడక. దాని ముందునుంచి ఆ నెలలో ఆమె ఎన్నోసార్లు నడిచింది, ఒకసారి తలుపు పిడి దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. లోపలికెళ్తే పేరు పెడతారు. పేరు పెట్టేదాకా అది లేనట్టే. పేరు పెట్టిన మర్నాటినుంచి చెల్లెలి కూతురు అలోదియా తనతో కాకుండా, తన తల మీదుగా వేరేవాళ్ళతో మాట్లాడుతుంది. రాత్రిళ్ళు కంటి మీద కునుకు లేదు, పగలు తలనొప్పి. కుడికాలి జోడు నేలకి రాసుకుంటోంది. జోడు పాతదైందని కొత్తవి కొంది.

ఏప్రిల్ మొదట్లో రిటైరైన టీచర్లు పద్దెనిమిదిమంది కాసెరెస్ నుంచి వచ్చారు. కేథడ్రల్ చూపించడం బాగానే గడిచింది. చేతి తొడుగులో కాగితం నాలుగుసార్లు చూసుకుంది. అక్కణ్ణుంచి గడియారపు బురుజుకి వెళ్ళాలి. అయిదు నిమిషాల దారి. కళ్ళకి గంతలు కట్టినా వెళ్ళగలదు. చిన్నప్పుడు నిజంగానే అలా వెళ్ళేది, పందెం వేసి.

మూసిన పసుప్పచ్చ గొడుగుని పైకెత్తి పట్టుకుని ఫెలీసా ముందు నడిచింది. ఒక మలుపు తిరిగింది. ఇంకో మలుపు. తలెత్తి చూస్తే తనకి తెలియని వీధిలో ఉంది.

వీధికి ఏ లోపమూ లేదు. ఇనప కమ్మీల బాల్కనీలు ఉన్నాయి. ఒక బాల్కనీలో దుప్పటి ఆరేసి ఉంది. రొట్టెల కొట్టు ముందు ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి మాట్లాడుకుంటున్నారు. వాళ్ళలో ఒకామె చెయ్యెత్తి, బాగున్నావా ఫెలీసా అంది. ఆమె ఎవరో తెలియలేదు. ఊరు మొత్తాన్ని ఎవరో ఎత్తుకుపోయి, దాని చోట అలాంటిదే ఇంకోటి పెట్టివెళ్ళినట్టుంది. ఫెలీసా పై ప్రాణాలు పైనే పోయాయి. వెనక్కి తిరిగి చూస్తే పద్దెనిమిది మొహాలు గొడుగు వంక చూస్తున్నాయి. ఆగితే అడుగుతారు. ఆగకూడదు. గొడుగు ఇంకాస్త పైకెత్తి నడిచింది.

వాళ్ళు కిక్కురుమనకుండా వెంట నడిచారు. ఒక సందు, ఒక చిన్న చౌకు, రాతి తొట్టి ఉన్న కుళాయి, మళ్ళీ సందు. ఏ గోడా ఏమీ చెప్పడంలేదు. ఏదో ఒకటి చెప్పాలని, ఈ ఇళ్ళు చాలా పాతవండి అంది. అది ఆ ఊళ్ళో ఏ ఇంటిని చూపించి అన్నా నిజమే. మళ్ళీ మలుపు తిరిగితే మళ్ళీ రాతి తొట్టి.

బృందంలో హసింతా అని డెబ్బై దాటినావిడ ఒకరు ఫెలీసా పక్కకి వచ్చి నడుస్తోంది. బక్కపల్చని మనిషి, మెళ్ళో కళ్ళద్దాలు వేలాడుతున్నాయి. తొట్టి దగ్గర ఆవిడ గొంతు తగ్గించి, ఈ కుళాయి చూడటం రెండోసారి అనుకుంటానండీ అంది.

"రెండోసారి చూడాల్సినంత మంచిదే కదండీ," అంది ఫెలీసా.

ఆవిడ నవ్వలేదు. ఫెలీసా మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత ఆమె కుడిచేతి వంక చూసింది. గొడుగు ఎప్పుడో ఎడంచేతిలోకి మారింది. కుడిచెయ్యి పక్కన వేలాడుతోంది, తొడుగులోని కాగితం సగం బయటికొచ్చి ఉంది.

"నలభై ఏళ్ళు పిల్లల మొహాలు చూశానమ్మా," అంది హసింతా. "పాఠం రానప్పుడు మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఏం పర్లేదు. నా చెయ్యి పట్టుకో."

ఫెలీసా పట్టుకుంది. తొట్టి అంచు మీద కూలబడింది. హసింతా మిగతావాళ్ళవైపు తిరిగి, టీచరు గొంతుతో, గైడుగారికి కళ్ళు తిరిగాయి, మీరంతా వెళ్ళి కాఫీ తాగండి అని పంపించేసింది. రొట్టెల కొట్టు దగ్గరి ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. వాళ్ళలో ఒకరు సతూర్నీనోని పిలుచుకొచ్చారు. అతను రొప్పుకుంటూ వచ్చి, ఫెలీసా ముందు గొంతుక్కూచున్నాడు. అప్పుడు ఆ మొహాన్ని ఆమె గుర్తుపట్టింది. ఆ మొహం చుట్టూ మెల్లిగా వీధి కూడా తిరిగొచ్చింది. అది తను పుట్టిన వీధి. రాతి తొట్టి ఎదురుగా రెండో ఇంటి మేడ మీద పుట్టింది.

సతూర్నీనో ఆమెని మూడంతస్తులూ ఎక్కించి ఇంట్లో దిగబెట్టాడు. అలోదియాకి ఈ సంగతి చెప్పొద్దని, చెప్తే జన్మలో నీతో మాట్లాడనని ఆమె గుమ్మంలో అతని చొక్కా పట్టుకుంది. నువ్వు మాట్లాడకపోతే నా ప్రాణానికి సుఖం అన్నాడతను. మెట్లు దిగి నేరుగా అలోదియా జుట్టు కత్తిరించే కొట్టుకి వెళ్ళాడు.

అలోదియా ఒకావిడ జుట్టుకి రంగు వేస్తోంది. సగం తలకి వేసి, సగం వదిలేసి, నల్లటి చేతులతో అలాగే పరిగెత్తింది. వాళ్ళిద్దరూ మేడెక్కేసరికి ఫెలీసా లోపల తాళం రెండుసార్లు తిప్పి, పైన అడ్డుగడియ వేసుకుని ఉంది.

"పెద్దమ్మా, తలుపు తియ్యి."

"తలనొప్పిగా ఉంది. రేపు రావే," అంది లోపల్నుంచి గొంతు. ఆ గొంతులో మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

డాక్టరు దగ్గరికి వెళ్దామంది అలోదియా. బతిమాలింది. కోప్పడింది. అగ్నిమాపక దళాన్ని పిలిచి తలుపు బద్దలు కొట్టిస్తానంది. కొట్టించుకోమంది ఫెలీసా. అలోదియా తలుపుకి నుదురు ఆనించింది.

"అమ్మమ్మకి వచ్చిందే వచ్చిందని భయపడుతున్నావు కదూ?"

లోపల కుర్చీలో కూచున్న చప్పుడైంది.

"భయం కాదే," అంది ఫెలీసా. "నాకు తెలుసు. అంతే. నువ్వూ తెలుసుకున్నావంటే నన్ను చూసే చూపు మారిపోతుంది. అప్పుడు నేను ఉండను."

అలోదియా ఏడ్చింది. రంగు చేతులతో కళ్ళు తుడుచుకుంటే మొహమంతా నల్లగా అయింది. ఆమె ఏమందో తర్వాత ఆమెకే గుర్తులేదు. కానీ సతూర్నీనోకి గుర్తుంది. నాకు నువ్వు ఉంటే చాలు పెద్దమ్మా, సగం ఉన్నా చాలు అందట. లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. కాళ్ళ చప్పుడు తలుపు దగ్గరికొచ్చింది. ఒకటి నేల మీద పడే అడుగు, ఒకటి ఈడ్చే అడుగు. తర్వాత తాళం దగ్గర గోళ్ళతో గీకుతున్నట్టు వినిపించింది. గీకడం ఆగింది. మళ్ళీ మొదలైంది. మళ్ళీ ఆగింది.

"అలోదియా," అంది ఫెలీసా. గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. "తీద్దామనే చూస్తున్నానే. ఎలా తియ్యాలో తెలీట్లేదు."

తన ఇంటి తాళం. ముప్ఫై ఏళ్ళుగా రోజూ తిప్పుతున్నది. దాన్ని చూస్తూ ఆమె నిలబడి ఉంది, అది ఒక ఇనప ముక్క. దాన్ని నొక్కాలా, లాగాలా, దానితో మాట్లాడాలా ఏమీ తోచడంలేదు. అప్పటిదాకా పడ్డ భయాలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. తల్లి కూడా ఇలాగే నిలబడి ఉంటుందా తలుపులవతల, అనిపించింది. ఎన్నిసార్లు తను ఇవతలనుంచి, తియ్యవే అమ్మా, ఏం చేస్తున్నావక్కడ అని విసుక్కుందో.

సతూర్నీనో అలోదియాని పక్కకి జరిపి తలుపు దగ్గర వంగాడు.

"ఫెలీసా, నేను. కంగారుపడకు. నలభై ఏళ్ళుగా నేను చేసే ఉద్యోగం ఇదొక్కటే, తాళాలు తియ్యడం. నువ్వు చెయ్యి పెట్టు, నేను చెప్తా."

"ఏ చెయ్యి?"

"ఏది నీ మాట వింటే అది."

"కుడిది వినట్లేదు."

"అయితే ఎడమది. చల్లగా, గుండ్రంగా, వేలు పట్టేంత కన్నం ఉన్నది ఒకటి తగుల్తుంది చూడు. తగిలిందా? దాన్ని రెండు వేళ్ళతో పట్టుకో. ఇప్పుడు వంటింటి వైపుకి తిప్పు. వంటింటి వైపుకి. కాఫీ వాసనొచ్చే వైపు."

టక్కుమంది.

"శభాష్. ఇంకోసారి అలాగే. తొందరేం లేదు. బిషపు గారొచ్చినా ఇక్కడే నిలబెడతా."

రెండో టక్కు చాలాసేపటికి వినిపించింది. పైగడియ సంగతి చెప్పడానికి ఇంకా ఎక్కువ సేపు పట్టింది. అది వేసుకున్నట్టు ఆమెకి గుర్తే లేదు. తలకన్నా ఎత్తున చెయ్యి పెట్టి, తడుముకుంటూ, అతను చెప్పినట్టు తనవైపు లాక్కుంది. తలుపు తెరుచుకుంది. అలోదియా నల్లటి మొహాన్ని చూసి ఫెలీసా మొదట జడుసుకుంది. ఆ తర్వాత ఆ చేతుల్లోకి వాలిపోయింది.

ఆరోగ్య కేంద్రంలో డాక్టరు ముప్ఫై దాటని అమ్మాయి. ఫెలీసా ఆమెకి మాట్లాడే అవకాశం ఇవ్వకుండా, మా అమ్మకి వచ్చిన జబ్బే నాకూ వచ్చింది, మీరు పేరు రాసెయ్యండి అంది. ఆ ఒక్క వాక్యం పూర్తి చెయ్యడానికే చాలాసేపు పట్టింది. డాక్టరు రాయలేదు. ఎప్పట్నుంచి అని అడిగింది. అయిదు వారాలంది అలోదియా. చేతులు రెండూ ముందుకు చాపమంటే కుడిచెయ్యి దానంతటదే కిందకి జారింది.

"ఆ జబ్బు ఇలా పరుగులు పెట్టదండి," అంది డాక్టరు. "దానికి ఏళ్ళు పడతాయి. ఇది వేరే ఏదో. ఈమధ్య ఎక్కడైనా పడ్డారా? తలకి దెబ్బేమైనా తగిలిందా?"

లేదంది ఫెలీసా. కానీ అలోదియా తల ఎత్తింది. ఫిబ్రవరి మొదట్లో కొట్లో పెద్దమ్మకి తలస్నానం చేయిస్తుంటే ఎడమ చెవి పైన బొప్పి చేతికి తగిలింది. అల్మారా తలుపు కొట్టుకుందే అని చెప్పింది పెద్దమ్మ. ఇప్పుడు ఇద్దరూ తనవంక చూస్తుంటే ఫెలీసా నిజం చెప్పక తప్పలేదు. జనవరి చివర్లో, నది మీది పాత రాతి వంతెన చూపించడానికి ఒక ఫ్రెంచి జంటని తీసుకెళ్ళి, గడ్డకట్టిన మంచు మీద జారి వెల్లకిలా పడింది. ఊరి గైడు అతిథుల ముందు అలా పడటం సిగ్గనిపించి, నవ్వుతూ లేచి, మా ఊరి వాళ్ళం ఇలాగే దిగుతామని జోకేసి, మిగతా దారంతా మాట్లాడుతూనే నడిచింది. ఆ జోళ్ళతో నది దగ్గరికి వెళ్ళొద్దని అలోదియా అంతకుముందు రోజే చెప్పింది కాబట్టి ఆమెతో ఆ సంగతి చెప్పలేదు. గుండె దడకని రెండేళ్ళుగా రక్తం పలచబడే మాత్ర వేసుకుంటోందన్నది డాక్టరు కాగితాల్లో చూసుకుని, మరేం మాట్లాడకుండా ఫోను తీసింది.

అంబులెన్సు కనుమ దిగి వెస్కాకి, అక్కణ్ణుంచి సరగోసా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. తల ఫొటో తీశారు. పుర్రెకీ మెదడుకీ మధ్య పాత నెత్తురు చంద్రవంకలా పేరుకుని, మెదడుని పక్కకి నెడుతోంది. దెబ్బ తగిలిన రోజునుంచి చుక్కచుక్కగా ఊరిందట. ఇంకో వారం ఆగి ఉంటే నిద్రలోనే పోయి ఉండేదని సర్జను అలోదియాతో అన్నాడు. అని, వెంటనే మంచం వైపు తిరిగి, అదే మాట ఫెలీసాతోనూ అన్నాడు. ఆయన తన కళ్ళలోకి చూసి చెప్పినందుకు ఆమె ఆయన్ని నమ్మింది.

భయం మాత్రం తగ్గలేదు. పుర్రెకి రెండు కన్నాలు పెడతామంటే ఎవరికి తగ్గుతుంది? ఆ కన్నాల్లోంచి మిగిలిన మాటలు కూడా కారిపోతాయా అని ఆమె అడిగింది. ఆయన నవ్వకుండా, పోయేది చెడ్డ నెత్తురొక్కటేనమ్మా, మాటలు ఎక్కడికీ పోలేదు, వాటికి లోపల చోటు లేక ఇరుక్కున్నాయంతే అన్నాడు. మత్తు మందు ఇచ్చేముందు ఆమె తన పేరు, తల్లి పేరు, ఊరి పేరు మూడుసార్లు పైకి చెప్పుకుంది. లేచాక ఉంటాయో లేదోనని.

లేచాక రెండు రోజులు ఏమీ తేలలేదు. ఆమె పడుకుని కళ్ళు తెరిచి చూస్తుండేది. అలోదియా మాట్లాడించాలని చూసి, జవాబు రాక, బయటికెళ్ళి నడవాలో గోడకి ఆనుకుని నిలబడేది. మూడో రోజు మధ్యాహ్నం నర్సు సూపు తెచ్చింది. ఫెలీసా ఒక చెంచా నోట్లో పెట్టుకుని, మొహం చిట్లించి, "ఇది సూపా? గిన్నె కడిగిన నీళ్ళు," అంది. అక్షరం కూడా తడబడలేదు. అలోదియా ఆ నర్సుని కౌగిలించుకుంది. నర్సుకి ఎందుకో అర్థం కాలేదు.

జూన్‌లో ఆమె మళ్ళీ గొడుగు పట్టుకుంది, పొద్దున్న పూట మాత్రమే. మొదటిసారి ఊరంతా సతూర్నీనో ఒక్కడికే చూపించింది. అతను వెర్రిబాగుల యాత్రికుడిలా నోరు తెరుచుకుని, ఈ గుడి ఎంతకి అమ్ముతారండీ అని అడుగుతూ వెంట తిరిగాడు. మాటలన్నీ వచ్చాయి, కాలు కూడా దారికొచ్చింది. ఊళ్ళో వాళ్ళు, ఫెలీసాకి నయమైపోయిందన్నారు.

ఆమెకే పూర్తిగా నమ్మకం లేదు. ఆర్నెల్లకోసారి ఫొటో తీయించుకోవాలి. పైగా తల్లి జబ్బు ఈసారి రాలేదన్నమాటే గానీ, ఎప్పటికీ రాదని ఏ డాక్టరూ రాసివ్వలేదు. అన్నిటికన్నా ఆమెని కలచివేసింది వేరే. అయిదు వారాలు. ఆరోగ్య కేంద్రం తలుపు పిడి పట్టుకుని వెనక్కి వచ్చిన ఆ రోజు లోపలికి వెళ్ళి ఉంటే ఇంతా అయ్యేది కాదు. జబ్బు చంపబోయిందా, జబ్బు పేరంటే ఉన్న భయం చంపబోయిందా అని అలోదియాని ఒకసారి అడిగింది. అలోదియా జుట్టు దువ్వుతూ, నీ మొండితనం చంపబోయింది అంది. ఇప్పుడు ఏ చిన్న తలనొప్పి వచ్చినా ఆమె వెళ్ళి డాక్టరు ముందు కూచుంటుంది. కూచున్నంతసేపూ తలుపు వంకే చూస్తుంటుంది.

అక్టోబరులో హసింతా పిలిస్తే, బస్సులు మారి కాసెరెస్ వెళ్ళింది. తెలియని ఊరు. బస్సు దిగుతూనే ఎదురొచ్చిన హసింతా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మర్నాడు ఇద్దరూ ఒక బృందంలో కలిసి పాతబస్తీ చూడటానికి బయల్దేరారు. బురుజుల మీద కొంగలు కట్టిన గూళ్ళు పెద్ద పెద్ద బుట్టల్లా ఉన్నాయి. గైడు పాతికేళ్ళ అమ్మాయి. ఫెలీసా జీవితంలో మొదటిసారి బృందానికి చివర నడిచింది. ఎటు తిరగాలో తెలియక్కర్లేకుండా నడవడం ఆమెకి విచిత్రంగా ఉంది.

ఒక భవనం ముందు ఆ అమ్మాయి చెయ్యెత్తి, దీన్ని కట్టించినాయన పేరు అంటూ ఆగిపోయింది. కళ్ళు పైకీ కిందకీ తిరిగాయి. మెడ మీద ఎరుపెక్కింది. ముందు వరసలో ఒకాయన గడియారం చూసుకున్నాడు.

ఫెలీసా అందర్నీ తోసుకుంటూ ముందుకెళ్ళింది.

"మాకేం తొందర లేదమ్మా," అంది. "ఈ కొంగల సంగతి చెప్పు. పేరు తర్వాత వస్తుందిలే."

ఆ అమ్మాయి కొంగల గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఫెలీసా ఆమె పక్కనే నిలబడి, ఆ గొంతులో వణుకు తగ్గేదాకా, తలెత్తి గూళ్ళ వంక చూస్తూ ఉండిపోయింది.